పెద్ద ఓపెన్ చెస్ టోర్నమెంటు: అపోహలు - వాస్తవాలు

మాది సూళ్ళూరుపేట. ఉద్యోగం కోసం చెన్నై వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఆడిట్ ఆఫీసులో పని. ముప్పై ఏడో ఏట మొదటిసారి రేటింగ్ టోర్నమెంటులో కూర్చున్నాను, ఇప్పుడు నలభై నాలుగు. ఏడాదికి రెండో మూడో పెద్ద ఓపెన్లు (ఎవరైనా పేరిచ్చి ఆడగలిగే టోర్నమెంట్లు), ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఆడతాను. నా రేటింగ్, అంటే ఆట బలాన్ని చెప్పే అంకె, 1500 దాటి కొంచెం అటూ ఇటూ తిరుగుతుంటుంది. గ్రాండ్‌మాస్టర్ లాంటి టైటిల్ లేదు, ఆ ఆశ కూడా లేదు. ఆటంటే ఇష్టం, అంతే.

ఊరికి వెళ్ళినప్పుడల్లా బంధువులో, చిన్ననాటి స్నేహితులో ఎవరో ఒకరు ఈ టోర్నమెంట్ల గురించి అడుగుతారు. అడిగినవాళ్ళలో బాగా ఆడేవాళ్ళూ ఉంటారు. కానీ ఎక్కడో విన్న మాటలు పట్టుకుని, పేరు ఇవ్వకుండానే ఆగిపోతుంటారు. నాకు బాధ కలిగించేది అదే. అందుకే నేను ఎక్కువగా వినే మాటలు తీసుకుని, హాల్లో కూర్చుంటే తెలిసిన సంగతులు రాస్తున్నాను.

అపోహ: గ్రాండ్‌మాస్టర్లు వచ్చే చోటికి మనం వెళితే మొదటి రోజే ఓడిపోయి ఇంటికి రావాలి.

ఓడిపోవచ్చు. ఇంటికి మాత్రం రానక్కర్లేదు. ఓపెన్ టోర్నమెంటు నాకౌట్ కాదు, స్విస్ పద్ధతిలో నడుస్తుంది. 1895లో జ్యూరిచ్‌లో మొదటిసారి ఇలా ఆడించారు కాబట్టి ఆ పేరు వచ్చింది. తొమ్మిదో పదో రౌండ్లు ఉంటే, వచ్చిన ప్రతి ఒక్కరూ అన్నీ ఆడతారు. ఒక రౌండు అయ్యాక సమానంగా పాయింట్లు ఉన్నవాళ్ళను ఒక గుంపుగా చేసి, వాళ్ళలో వాళ్ళకే జత కలుపుతారు.

మొదటి రౌండే కాస్త కఠినం. మూడు వందల మంది ఉన్నారనుకోండి. రేటింగ్ ప్రకారం వరసగా పేర్చి సగానికి విడగొడతారు. ఒకటో నంబరుకు 151, రెండో నంబరుకు 152, అలా సాగుతుంది. నేను 230వ స్థానంలో ఉంటే నా ఎదురుగా 80వ నంబరు ఆటగాడు కూర్చుంటాడు. నా మొదటి టోర్నమెంటులో అలా వచ్చినాయన ముప్పై ఎత్తుల లోపే ఆట ముగించి, చెయ్యి కలిపి, నవ్వి వెళ్ళిపోయాడు. రెండో రౌండు కూడా పోయింది. మూడో రౌండు నుంచి నా ఎదురుగా కూర్చున్నది ఎవరనుకున్నారు? తాంబరం నుంచి ఎలక్ట్రిక్ రైలెక్కి వచ్చిన బ్యాంకు ఉద్యోగి, ఇంజనీరింగ్ చదివే అబ్బాయి, రిటైరయిన లెక్కల మేష్టారు. అందరూ నాలాంటి వాళ్ళే. ఆ టోర్నమెంటు చివరికి నాకు మూడున్నర పాయింట్లు వచ్చాయి. ఆ మూడున్నరలో ప్రతి అరపాయింటూ ఎవరి మీద వచ్చిందో ఇప్పటికీ చెప్పగలను.

ఇంకొక మాట. అదే హాల్లో, తాడు కట్టిన పై వరసలో గ్రాండ్‌మాస్టర్లు ఆడుతుంటారు. నా ప్రత్యర్థి ఆలోచిస్తున్నప్పుడు లేచి వెళ్ళి, నిశ్శబ్దంగా వాళ్ళ బోర్డు చూసి రావచ్చు. రంజీ మ్యాచ్ జరుగుతుంటే అదే మైదానంలో పక్క పిచ్ మీద మనల్ని ఆడనిస్తారా? చెస్‌లో ఆ అవకాశం ఉంది. దాన్ని భయంతో వదులుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అపోహ: ఫోన్‌లో నా రేటింగ్ 1800. టోర్నమెంటులో కూడా నేను 1800 ఆటగాడినే.

అవి రెండూ వేరు వేరు కొలబద్దలు. లీచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైటులో కొత్తవాళ్ళకు లెక్క 1500 దగ్గర మొదలవుతుంది, వాళ్ళు వాడేది గ్లికో-2 పద్ధతి. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే వాడేది ఈలో పద్ధతి. ఆడే జనమూ వేరు, సమయమూ వేరు. ఆ అంకెను ఈ అంకెతో పోల్చకండి.

అంకె సంగతి అలా ఉంచితే, అసలు తేడా చెక్క బోర్డు ముందు కూర్చున్నప్పుడు తెలుస్తుంది. ఫోన్‌లో అరచేతిలో ఉండే బోర్డు ఇక్కడ మూర చదరం ఉంటుంది. అవతలి మూలన ఉన్న శకటు కళ్ళకు ఆనదు. వేలితో వెనక్కి జరిపే వీలు లేదు, పావు ముట్టుకుంటే దాన్నే ఆడాలి. ప్రతి ఎత్తూ కాగితం మీద రాయాలి. టోర్నమెంటుకు ముందు కనీసం నెల రోజులు ఇంట్లో నిజం బోర్డు మీద ఆడండి, గడియారం పెట్టుకుని, రాసుకుంటూ. నేను మా ఆవిడతో ఆడేవాణ్ణి. తనకు ఆట అంతగా రాకపోయినా, నేను ముట్టుకున్న పావు వదిలేస్తే మాత్రం ఒప్పుకునేది కాదు. ఆ అలవాటే నన్ను చాలాసార్లు కాపాడింది.

అపోహ: ఎదురుగా చిన్నపిల్లవాడు వచ్చాడంటే ఒక పాయింటు వచ్చినట్టే.

ఇది చెన్నైలో ఎవరూ అనరు. బయటి నుంచి వచ్చేవాళ్ళు అంటారు, మొదటి రౌండు అయ్యేదాకా.

ఈ ఊరి సంగతి తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. మన దేశపు మొదటి ఇంటర్నేషనల్ మాస్టర్ (గ్రాండ్‌మాస్టర్ కన్నా ఒక మెట్టు కింది టైటిల్) మాన్యుయెల్ ఆరన్ 1972లో ఇక్కడి సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో టాల్ చెస్ క్లబ్బు పెట్టారు. చిన్నప్పుడు విశ్వనాథన్ ఆనంద్ అక్కడికే వెళ్ళి ఆడేవాడు. 1988లో ఆనంద్ దేశంలో మొదటి గ్రాండ్‌మాస్టరు అయ్యాడు. అక్కడి నుంచి ఒకరిని చూసి ఒకరు. ప్రజ్ఞానంద 2018లో పన్నెండేళ్ళ పది నెలలకు, గుకేశ్ 2019లో పన్నెండేళ్ళ ఏడు నెలలకు గ్రాండ్‌మాస్టర్లయ్యారు. 2024 డిసెంబరు 12న గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు, అతనిది చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబమని మా ఇంట్లో అందరం రెట్టింపు సంతోషపడ్డాం. ఆ పిల్లలను చూసి ఇంకెన్ని వందల మంది పిల్లలు కోచింగ్‌లో చేరారో ఈ హాళ్ళలో కళ్ళారా చూడొచ్చు.

పిల్లల రేటింగ్ వాళ్ళ ఆట కన్నా వెనకబడి ఉంటుంది. వాళ్ళు ప్రతి నెలా ఎదుగుతుంటారు, అంకె ఆలస్యంగా కదులుతుంది. 1450 అని రాసి ఉన్న తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒక్కోసారి 1800 ఆట ఆడేస్తాడు. కుర్చీలో మోకాళ్ళు మడిచి కూర్చుంటాడు, కాళ్ళు నేలకు అందవు కాబట్టి. మీ ఎత్తు పడగానే లేచి హాలంతా తిరిగొస్తాడు. అది చూసి వీడికి శ్రద్ధ లేదనుకోకండి. వాడు ఆ తిరుగుడులో కూడా లెక్కపెడుతూనే ఉంటాడు. పిల్లల మీద నాకు కాస్త ఫలితం ఇచ్చిన పద్ధతి ఒకటే: మంత్రులు మార్చేసుకుని, ఓపికగా ఎండ్‌గేమ్ (పావులు కొన్నే మిగిలే చివరి దశ) వైపు నడపడం. మెరుపుదాడుల్లో వాళ్ళను అందుకోలేం.

అపోహ: ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరసలు, ఇరవై ఎత్తుల దాకా బట్టీ పట్టకుండా వెళ్ళకూడదు.

నా స్థాయిలో ఆట ఓపెనింగులో తేలదు. నా పాత స్కోర్‌షీట్లు (ఎత్తులు రాసుకున్న కాగితాలు) తీసి చూస్తే, చాలా ఓటములు ముప్పయ్యో ఎత్తు చుట్టుపక్కల ఒక పావును ఊరికే ఇచ్చేయడం వల్ల వచ్చినవే. తెల్లతో ఒకటి, నల్లతో రెండు ఓపెనింగులు, వాటి వెనక ఉన్న ఆలోచనతో సహా వస్తే చాలు. మిగిలిన సమయం ఏనుగుల ఎండ్‌గేములకు ఇవ్వండి.

అపోహ: నియమాలు అందరికీ తెలిసినవే. సందేహం వస్తే ఆర్బిటర్ (టోర్నమెంటు రిఫరీ) చెబుతాడు.

నాకు ఎక్కువ నష్టం చేసిన నమ్మకం ఇదే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) చేసేటప్పుడు ముందు రాజును ముట్టుకోవాలి, ఒకే చేత్తో చేయాలి. నేను ఇంట్లో అలవాటుగా ముందు ఏనుగును పట్టుకునేవాణ్ణి. మూడో టోర్నమెంటులో అలాగే పట్టుకున్నాను. ప్రత్యర్థి గడియారం ఆపి చెయ్యి ఎత్తాడు. ఆర్బిటర్ వచ్చి, ఏనుగును ముట్టుకున్నారు కాబట్టి ఏనుగునే ఆడాలి అన్నారు. ఆడాను. ఆ వైపు క్యాస్లింగ్ హక్కు పోయింది, రాజు నడిమధ్యన ఉండిపోయాడు, ఇంకో పదిహేను ఎత్తుల్లో ఆట పోయింది. ఆ అబ్బాయిది తప్పు కాదు, ఆర్బిటర్‌దీ కాదు. నియమం ముందే చదవకపోవడం నా తప్పు.

ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అని అందరికీ తెలుసు. దాన్ని ఎలా అడగాలో తెలిసినవాళ్ళు తక్కువ. మీ ఎత్తుతో మూడోసారి రాబోతుంటే, ఆ ఎత్తు ఆడకూడదు. స్కోర్‌షీటు మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ను పిలవాలి. ఆడేసి గడియారం నొక్కేస్తే అప్పటికి ఆ అవకాశం పోయినట్టే. ఆ మూడుసార్లు వెంటవెంటనే రావాల్సిన పని కూడా లేదు. మీ లెక్క తప్పయితే ప్రత్యర్థికి రెండు నిమిషాలు కలుపుతారు. డ్రా ఇవ్వజూపడానికీ వరస ఉంది: ముందు ఎత్తు ఆడాలి, డ్రా అని అడగాలి, ఆ తర్వాతే గడియారం నొక్కాలి. అవతలివాళ్ళు ఆలోచిస్తుండగా మళ్ళీ మళ్ళీ అడగడం వాళ్ళను ఇబ్బంది పెట్టడం కిందికే వస్తుంది.

బంటు చివరి గడికి చేరినప్పుడు మంత్రి దొరకలేదని ఏనుగును తలకిందులుగా పెడుతుంటారు. టోర్నమెంటులో అది ఏనుగే. గడియారం ఆపి, ఆర్బిటర్‌ను మంత్రి అడగండి. చెల్లని ఎత్తు ఆడి గడియారం నొక్కితే మొదటిసారి ప్రత్యర్థికి రెండు నిమిషాలు, రెండోసారి ఆట పోతుంది.

ఇక ఫోను. టోర్నమెంటు నిబంధనల్లో వేరేగా రాసి ఉంటే తప్ప, హాల్లో ఫోను మీ ఒంటి మీద ఉందని తేలితే చాలు, మోగకపోయినా ఆట పోతుంది. స్మార్ట్ వాచీకీ అదే నియమం. నా పక్క బోర్డు మీద ఒక పెద్దాయన గెలిచే స్థితిలో ఉండగా చొక్కా జేబులో ఫోను మోగింది. ఆయన మొహం చూడలేకపోయాను. బయట ఎవరికైనా ఇచ్చి రండి, లేదా నిర్వాహకులు చెప్పిన చోట పెట్టండి.

అపోహ: కూర్చుని ఆడేదే కదా, అలసట ఏముంటుంది?

ఒక్కొక్కరికి గంటన్నర, ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు అదనం అన్నది మామూలుగా ఉండే లెక్క. ఆట అరవై ఎత్తులు సాగితే ఇద్దరికీ కలిపి నాలుగు గంటలు. రోజుకు రెండు రౌండ్లుంటే ఎనిమిది గంటలు.

గ్రాండ్‌మాస్టర్లు రోజుకు 6000 కేలరీలు ఖర్చు చేస్తారని ఒక మాట నెట్‌లో తిరుగుతుంటుంది. అది ఆటగాళ్ళ మీద కొలిచి తేల్చిన లెక్క కాదు. గట్టిగా ఆలోచించినంత మాత్రాన మెదడు వాడే శక్తి పెద్దగా పెరగదు. అలసట మాత్రం నిజం. టెన్షన్, నిద్ర తగ్గడం, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, అన్నీ కలుస్తాయి. ఎంత పెద్ద ఆటగాడికైనా ఇది తప్పదు. 2024లో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆటలో, డ్రా వైపు నడుస్తున్న ఎండ్‌గేములో, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తుకు ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఆ ఒక్క ఎత్తుతో కిరీటం గుకేశ్‌కు వెళ్ళింది.

నా వరకు పనిచేసినవి చెబుతాను. మధ్యాహ్నం సాంబారన్నం కడుపునిండా తినను. పెరుగన్నం, అరటిపండు, అంతే. బయట చెన్నై ఎండ మాడ్చేస్తున్నా లోపల ఏసీకి వేళ్ళు కొంకర్లు పోతాయి, కాబట్టి ఒక శాలువా తీసుకెళ్తాను. రాత్రి పేరింగ్ (ఎవరికి ఎవరితో ఆట అన్న జాబితా) చెస్-రిజల్ట్స్ సైటులో చూసుకుని, ఫోను పక్కన పెట్టి పడుకుంటాను. ప్రత్యర్థి పాత ఆటలు అర్ధరాత్రి దాకా వెతకడం నాకెప్పుడూ మేలు చేయలేదు.

అపోహ: ఓడితే రేటింగ్ మొత్తం కరిగిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. ముప్పై ఆటలు దాటిన నాలాంటి పెద్దవాళ్ళకు గుణకం (ఒక ఆటతో రేటింగ్ ఎంత కదలాలో తేల్చే అంకె) 20. నాతో సమానమైన వాళ్ళ మీద ఓడితే పది పాయింట్లు పోతాయి. నాకన్నా 400 ఎక్కువ ఉన్నవాళ్ళ మీద ఓడితే పోయేది రెండుకు లోపే. 200 ఎక్కువ ఉన్నవాళ్ళతో డ్రా చేస్తే ఐదు వస్తాయి. కొత్తవాళ్ళకు, పద్దెనిమిది లోపు పిల్లలకు గుణకం 40, వాళ్ళ అంకె రెట్టింపు ఊగుతుంది.

2024 మార్చి 1 నుంచి ఫిడే కనీస రేటింగును 1400 చేసి, 2000 లోపు ఉన్నవాళ్ళందరికీ ఒకసారి అంకె పెంచింది. నా 1240 అలా 1544 అయింది. ఆట మాత్రం ముందు రోజు ఎంతో అంతే. ఆ రోజు నుంచి అంకె మీద నాకు మమకారం తగ్గింది. రేటింగ్ లేనివాళ్ళకు రేటింగ్ ఉన్నవాళ్ళతో ఐదు ఆటలు కావాలి, అవన్నీ ఒకే టోర్నమెంటులో రావాల్సిన అవసరం లేదు.

అపోహ: అందరూ మొహాలు ముడుచుకుని ఉంటారు, ఆట అయ్యాక ఎవరి దారి వాళ్ళది.

ఆడేటప్పుడు మాట్లాడకూడదు కాబట్టి అలా కనిపిస్తారు. చేతులు కలిపాక హాలు బయటకు రండి. వరండాలో, మెట్ల మీద, ఎక్కడ చోటుంటే అక్కడ బోర్డు పరుచుకుని, ఇప్పుడే ఆడిన ఆటను ఇద్దరూ కలిసి మళ్ళీ ఆడుతుంటారు. టోర్నమెంటుకు కట్టిన ఫీజులో సగం విలువ అక్కడే ఉంది.

పోయిన టోర్నమెంటులో ఏడో రౌండు ఒక పదేళ్ళ పిల్లవాడి మీద ఓడిపోయాను. బయట వాళ్ళ అమ్మమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చుని ఉంది. నేను ఫోన్‌లో ఇంటికి మాట్లాడుతుంటే విని, "తెలుగువాళ్ళా బాబూ? మాది నెల్లూరే" అంది. పిల్లవాడికి తెలుగు సగం, తమిళం సగం. "అంకుల్, ఇక్కడ గుర్రం వెనక్కి పోయుంటే నాకు ఏమీ లేదు" అని బోర్డు మీద పెట్టి చూపించాడు. నేను నమ్మలేదు. నాలుగు రకాలుగా ఆడించాడు, నాలుగు సార్లూ వాడి మాటే నిజమైంది. ఆవిడ ఈలోగా డబ్బా మూతలో ఇద్దరికీ పులిహోర పెట్టింది. నేను స్కోర్‌షీటు వెనక్కి తిప్పి, 31వ ఎత్తు, గుర్రం వెనక్కి, అని రాసుకున్నాను.