ఓరుగల్లు కోటలో ఒక పూట: అపోహలు - వాస్తవాలు

"అన్నీ బాగానే ఉన్నాయి కానీ, గుడి ఎక్కడండీ?"

పోయిన మాఘమాసంలో హైదరాబాదు నుంచి కుటుంబంతో వచ్చిన ఒక పెద్దావిడ నన్ను అడిగిన ప్రశ్న ఇది. అడిగినప్పుడు ఆమె నిలబడి ఉన్నది స్వయంభూ ఆలయం నడిమధ్యలో. కాకతీయుల రాజ్యదైవం కొలువైన చోట, నాలుగు తోరణాల మధ్య, నేలమీద పరచుకున్న రాళ్ల నడుమ. "అమ్మా, మీ కాళ్ల కింద ఉన్నదే గుడి" అన్నాను. ఆమె కిందికి చూశారు. తరువాత ఏం చేశారో కాస్త ఆగి చెబుతాను.

ఒక పూటకు ఒకే కుటుంబాన్ని తీసుకుని వరంగల్ కోట చూపించడం నా పని. పొద్దున ఆరున్నరకు మొదలుపెడితే పదకొండు, పదకొండున్నరకు ముగుస్తుంది. ఇన్నేళ్లుగా నాకు ఎదురవుతున్న అపోహలు దాదాపు ఒకటే. వాటికి నేను అక్కడ నడుస్తూ చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: శిథిలాల్లో రాళ్లు తప్ప ఏముంటుంది? తోరణాల దగ్గర ఫొటో దిగితే పదిహేను నిమిషాల్లో అయిపోతుంది.

నిలబడి ఉన్న గుడికి వెళితే కన్ను నేరుగా గర్భగుడి వైపు పోతుంది. గోడ ఎలా కట్టారో, కప్పు దేనిమీద ఆగిందో ఎవరూ చూడరు. కూలిన గుడిలో కట్టడం లోపలి రహస్యమంతా బయటపడి ఉంటుంది. పడిపోయిన స్తంభం కొసన చూడండి, మధ్యలో చిన్న బొడిపె పొడుచుకుని ఉంటుంది. దాన్ని పట్టుకునే గుంత ఇంకో రాయిలో ఉంటుంది. పిల్లలను వెంట తెస్తే నేను ముందు చేయించే పని ఇదే: "ఈ బొడిపె ఏ గుంతలో కూర్చుంటుందో వెతకండి" అంటాను. పది నిమిషాల్లో వాళ్లకు స్తంభం, దానిమీద బోదె, దానిమీద దూలం, ఆపైన కప్పురాయి వరుసగా అర్థమైపోతాయి. కొన్ని రాళ్ల అంచున ఒకే ఎడంతో చిన్న చిన్న గాట్లు వరుసగా కనిపిస్తాయి. బండను చీల్చడానికి మేకులు దించిన గుర్తులవి. ఏడు వందల ఏళ్లు దాటినా ఆ గాటులో వేలు పెడితే లోపలి అంచు ఇంకా గరుకుగా తగులుతుంది.

ఇక గుడి ఎంత పెద్దదో తెలియాలంటే నడవాలి. ఎదురెదురు తోరణాల మధ్య సుమారు 130 నుంచి 150 మీటర్ల దూరం ఉంటుంది. నేను అతిథులను తూర్పు తోరణం దగ్గర నిలబెట్టి, మాట్లాడకుండా పడమటి తోరణం దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవమంటాను. ఆ నడకలో ప్రాంగణం కొలత కాళ్లకు తెలుస్తుంది. ఆ పెద్దావిడ కూడా నడిచారు. సగం దూరం పోయాక ఆగి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని మిగతా సగం నడిచారు. ఎవరూ ఆమెకు విప్పమని చెప్పలేదు.

అపోహ: ఆ నాలుగు తోరణాలు కోట ద్వారాలు.

కావు. అవి ఆలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలిపిన తోరణాలు. కోటకు వేరే ద్వారాలు ఉన్నాయి. మీరు కారులో వచ్చిన దారిలోనే ఒకటి దాటి ఉంటారు. ఈ పొరపాటుకు కారణం నాకు తెలుసు. 2014లో తెలంగాణ రాజముద్రలో ఈ తోరణం చోటు చేసుకుంది. ఊళ్లలో రోడ్లకు అడ్డంగా కట్టిన దీని నమూనాల కింద నుంచి బస్సులు, లారీలు పోవడం రోజూ చూస్తుంటాం. అందుకే ఇది ఊరి ద్వారం అనుకుంటారు. అసలైన కోట ద్వారం అందుకు పూర్తిగా భిన్నం. రాతికోట ద్వారంలో నేరుగా లోపలికి దారి ఉండదు. లోపలికి రాగానే ఎదురుగా గోడ, ఒక మలుపు, మళ్లీ ఇంకో మలుపు. గుర్రాల దళం వేగంగా దూసుకు రాకుండా చేసిన ఏర్పాటు అది. తోరణం ఆహ్వానించడానికి కట్టినది, కోట ద్వారం ఆపడానికి కట్టినది. ఈ రెండింటినీ గంట తేడాతో చూస్తే ఎవరూ మళ్లీ పొరబడరు.

తోరణం సుమారు 30 అడుగుల ఎత్తు. పైన హంసలు, దూలం కింద వేలాడే తామర మొగ్గలు, పూలదండల చెక్కడాలు. కింద నుంచి చూస్తే ఆ మొగ్గలు చిన్నవిగా కనిపిస్తాయి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఒక్కొక్క రేకు విడివిడిగా తేలుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు వచ్చినవారికి అదే రాయి చదునుగా కనిపిస్తుంది. పొద్దున్నే రమ్మని నేను పట్టుబట్టడానికి ఎండదెబ్బ ఒక్కటే కారణం కాదు.

అపోహ: తోరణాల అందానికి ముగ్ధులై శత్రువులు వాటిని వదిలేశారు.

1323లో ఉలుగ్ ఖాన్, అంటే తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దెనెక్కినవాడు, ఓరుగల్లును పట్టుకున్నాడు. నగరం పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఆలయం కూలింది, తోరణాలు నిలిచాయి. ఎందుకు అన్నదానికి రెండు వాదనలు ఉన్నాయి. తోరణాల మీద దేవుడి బొమ్మలు లేవు, హంసలు, పూలు, లతలే ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదన్నది ఒకటి. గుడిని కూల్చిన చోట తమ మసీదు కట్టుకోవాలనుకున్నారని, దానికి ఘనమైన ద్వారాలుగా ఉంటాయని కావాలనే ఉంచుకున్నారన్నది రెండోది. నాకు రెండోదే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. జయించినవాడు ఓడిన రాజు వైభవాన్ని పూర్తిగా చెరపడు, తనకు పనికొచ్చేంతవరకు వాడుకుంటాడు. అతిథులకు మాత్రం రెండూ చెప్పి, తోరణం కింద నిలబెట్టి, వాళ్లనే ఆలోచించమంటాను.

అపోహ: కోట అంటే రాతిగోడ. మట్టికట్టలో చూడడానికి ఏమీ లేదు.

ఈ అపోహ నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. రాతిగోడ దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రంగా ఉంటుంది. దానికి 45 బురుజులు. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తిచేసింది. దానికి బయట 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, చుట్టూ కందకం. రోడ్డు దాన్ని చీల్చుకుని పోతుంది కాబట్టి కారులో వచ్చేవారు ఏదో చెరువుకట్ట అనుకుని దాటేస్తారు. నేను అక్కడ కారు ఆపించి కట్ట దగ్గరికి తీసుకెళతాను. మట్టిగోడకు ఉన్న గుణం ఏమిటంటే, రాయి విసిరే యంత్రం దెబ్బకు రాతిగోడ పగులుతుంది, మట్టి ఆ దెబ్బను తనలోకి తీసుకుంటుంది. ఖిల్జీ సేనల దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో ఈ గోడ గురించే రాశాడు: ఉక్కు బల్లెం దిగదట, యంత్రంతో విసిరిన గుండు పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందట. కోటను ముట్టడించినవారి పక్షాన రాసిన కవి చేసిన వర్ణన అది. ఆ మాట ఆ కట్ట పక్కన నిలబడి వినాలి.

కోట ఖాళీ శిథిలం అనుకోవడం కూడా పొరపాటే. మధ్యకోట, తూర్పుకోట, పడమరకోట అని లోపల ఊళ్లే ఉన్నాయి. మనుషులు కాపురాలు ఉంటున్నారు. వాళ్ల ఇంటి ముందు ముగ్గు దాటుకుని మనం చరిత్ర చూడడానికి పోతున్నాం. అడగకుండా వాళ్ల ఫొటోలు తీయవద్దని కారు దిగేముందే చెబుతాను.

అపోహ: కోటలోని ఖుష్ మహల్ రుద్రమదేవి కొలువుకూటం.

కాదు. ఆ ఏటవాలు గోడలు, లోపల అడ్డంగా వరుసగా నిలిచిన పెద్ద కమానులు కాకతీయుల పద్ధతి కాదు. అది తుగ్లక్ కాలపు కట్టడమని కొందరు, 16వ శతాబ్ది తొలినాళ్లలో ఇక్కడ పాలించిన షితాబుఖాను కట్టించాడని కొందరు అంటారు. ఏదైనా కాకతీయుల తరువాతదే. రుద్రమ నడిచిన నేల చూడాలనుకుంటే ఇక్కడ కాదు, ఆలయ ప్రాంగణంలో నిలబడండి.

అపోహ: కోహినూరు వజ్రం భద్రకాళి అమ్మవారి కన్ను.

దీన్ని కాదంటే కొందరికి కోపం వస్తుంది. అయినా చెప్పాలి. 1310లో ఖిల్జీ సేనాని మాలిక్ కాఫుర్ ఇక్కడి నుంచి అపారమైన సంపద, ఏనుగులు, రత్నాలు తీసుకుపోయాడు. అందులో సాటిలేని ఒక వజ్రం ఉందని ఖుస్రో రాశాడు. దానికి పేరు లేదు, అమ్మవారి కన్ను అన్న మాటా లేదు. కోహినూరు అన్న పేరు 1739లో ఢిల్లీని దోచిన నాదిర్ షా కథతో ముడిపడి వస్తుంది. మధ్యలో నాలుగు వందల ఏళ్లకు పైగా ఎడం ఉంది. ఆ ఎడాన్ని కథతో నింపడం సులువు, శాసనంతో నింపడం ఇప్పటిదాకా ఎవరివల్లా కాలేదు. వజ్రం లేకపోయినా భద్రకాళి చెరువుగట్టున అమ్మవారి దర్శనానికి లోటేమీ ఉండదు.

ప్రతాపరుద్రుడు కోట గుమ్మంలో పోరాడుతూ నేలకొరిగాడన్నది కూడా ఇలాంటిదే. అతన్ని బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా తీరాన మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతోంది. వినడానికి అది ఇంకా బరువైన ముగింపు.

అపోహ: ప్రైవేటు టూరు తీసుకుంటే ఒక పూటలో కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప, లక్నవరం అన్నీ చుట్టేయవచ్చు.

కుదరదు. రామప్ప ఇక్కడికి 60 కిలోమీటర్లు దాటి ఉంటుంది. పోను, రాను కలిపితే పూట అయిపోతుంది. 1213 నాటి ఆ ఆలయం 2021లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కింది. నీటిలో తేలే ఇటుకలను, మదనికలు అనే స్త్రీ శిల్పాలను హడావిడిగా చూసి రావడం ఆ శిల్పులకు చేసే అన్యాయం. దానికి ఇంకో రోజు పెట్టుకోండి. ఒక పూటకు కోట, సమయం మిగిలితే హనుమకొండలో వేయిస్తంభాల గుడి, అంతే. ప్రైవేటు టూరులో మీరు కొనుక్కునేది ఎక్కువ చోట్లను కాదు, ఒక రాయి దగ్గర పది నిమిషాలు నిలబడే స్వేచ్ఛను. మోకాళ్ల నొప్పి ఉన్న తాతగారు తోరణం నీడలో కూర్చుంటే మనవలు ఏకశిల గుట్ట ఎక్కి రావచ్చు. నలభై మంది బస్సు గుంపులో అది సాధ్యం కాదు.

గైడును ఎంచుకునేటప్పుడు గుర్తింపు కార్డు చూపమనండి. తప్పుగా అనుకునేవారెవరూ ఉండరు. ఇంకొక పరీక్ష కూడా ఉంది: "ఇది మీకెలా తెలుసు?" అని ఒక్కసారి అడగండి. శాసనం పేరో, రాతి మీది గుర్తో చూపించినవారి వెంట నడవండి. ఒకసారి ఒకాయన నా పక్కనే పర్యాటకులకు ప్రతి గుంతనూ సొరంగమని, ప్రతి పగులునూ నిధి తవ్విన చోటని చెబుతుంటే విన్నాను. ఆ సాయంత్రమే ఆ పర్యాటకుల పిల్లలు రాళ్లు దొర్లించి నిధి వెతకడం చూశాను. తప్పుడు కథ అక్కడితో ఆగదు, రాయిని కదిలిస్తుంది.

అపోహ: పూజలు లేని గుడి కదా, ఎక్కితే ఏమవుతుంది?

ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అన్నిటికంటే నష్టం కలిగించేది పేర్లు చెక్కడం, ఫొటో కోసం విడి రాళ్ల మీద ఎగిరి దూకడం. విరిగిన ముక్క అనుకుని పక్కకు తన్నిన రాయి ఏ దూలం కొసనో కావచ్చు.

అపోహ: ప్రభుత్వం తలచుకుంటే ఈ గుడిని మళ్లీ కట్టేయవచ్చు.

దీనికి జవాబు హనుమకొండలో ఉంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ఎదుట కల్యాణ మండపం ఉంది. పునాది కుంగడంతో 2006లో దాన్ని విప్పారు. రాళ్లకు అంకెలు వేసి విప్పి, పునాది మళ్లీ వేసి, తిరిగి నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి వచ్చింది. పద్దెనిమిదేళ్లు. ఆ ఏళ్లన్నిటా ఆవరణలో రాళ్లు పరిచి ఉండడం మా ఊరివాళ్లందరం చూశాం, ఇక నిలబడదేమో అని దిగులుపడ్డాం. నిలబడింది. ఎందుకంటే విప్పేముందు అది ఎలా ఉండేదో కళ్లెదుటే ఉంది, ప్రతి రాయి చోటు తెలుసు. స్వయంభూ ఆలయం కూలకముందు ఎలా ఉండేదో గీసిపెట్టిన పటం లేదు. ఊహించి కడితే అది కొత్త గుడి అవుతుంది, కాకతీయుల గుడి కాదు. ఉన్న రాయిని ఉన్నచోట కాపాడడమే ఇక్కడ చేయవలసిన పని.

చలికాలంలో వస్తే మంచిది. ఎండాకాలమైతే తొమ్మిది దాటాక రాళ్లు కాలుతాయి, ప్రాంగణంలో నీడ తక్కువ. మెత్తటి చెప్పులు, టోపీ, మనిషికి ఒక నీళ్ల సీసా చాలు. దారిలో మట్టికోట దగ్గర కారు ఆపమని ముందే చెప్పి పెట్టుకోండి.