పెంకుటింట్లో పొట్టేలు కూర

పిల్లలూ,

మొన్న ఆదివారం మీరిద్దరూ అడిగినవాటికి సరిగ్గా జవాబు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. లోపలి నుంచి మీ అవ్వ "పాలు పొంగుతున్నాయి" అని అరిచింది, నాకదొక సాకు దొరికింది. నిజానికి అప్పటికప్పుడు ఏం చెప్పాలో తట్టలేదు.

చిన్నది అడిగింది: "తాతా, మా ఫ్రెండ్ వాళ్ళింట్లో రాత్రి కాసరోల్ తిన్నారంట. కాసరోల్ అంటే చపాతీలు పెట్టే డబ్బా కదా, దాన్నెట్లా తింటారు?" పెద్దోడు అడిగాడు: "గుడ్డు ఉడికేకొద్దీ గట్టిపడుతుంది కదా, మరి మటన్ ఉడికేకొద్దీ ఎందుకు మెత్తబడుతుంది?"

మొదటిది తేలిక. ఫ్రెంచి భాషలో కాసరోల్ అంటే వంటగిన్నె. ఆ గిన్నె పేరే అందులో వండినదానికీ పడింది. మన ఇళ్ళకు వచ్చేసరికి అదే పేరు వేడి పోకుండా దాచే డబ్బాకు అతుక్కుంది. నవ్వకు చిన్నదానా, మనమేం తక్కువ తిన్నాం? "పొద్దుటి నుంచి మూడు గ్లాసులు తాగాను" అంటాడు మీ నాన్న, కాఫీ గురించి. గ్లాసులు తాగాడా?

రెండోదానికి మాత్రం వారం పట్టింది. వండి చూస్తే గానీ నాకు మాట రాదు. ఇక్కడ బెంగళూరులో చలి కూడా ముదిరింది. పొద్దున ఎనిమిదైనా మంకీ టోపీ తీయబుద్ధి కావడం లేదు. బజార్లో అనపకాయలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఇక్కడివాళ్ళు అవరేకాయ అంటారు, సంచి విప్పితే వీధంతా వాసన. ఇట్లాంటి చలిలో మా పక్కింటి ఆంటీ ఒక మటన్ వంట చేసేది. నిన్న అదే చేశాను.

ఆ ఆంటీ గురించి చెప్పాలి. నాకు పదేళ్ళప్పుడు మేము ఇక్కడే ఫ్రేజర్ టౌన్‌లో ఒక వఠారంలో అద్దెకుండేవాళ్ళం. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. ఇటు మేము, అటు ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం. ఆంటీ ఇంగ్లీషు మాట్లాడుతూ మధ్యలో అరవం, కోపం వస్తే కన్నడం మాట్లాడేది. మా అమ్మకు తెలుగు తప్ప రాదు. అయినా ఇద్దరూ గోడ మీంచి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు, ఎట్లాగో నాకు ఇప్పటికీ తెలీదు. ఆవిడ వాళ్ళింటికి గొడ్డుమాంసం తెచ్చుకున్నా, మాకు పంపే గిన్నెలో మాత్రం పొట్టేలు కూరే వండేది. మేము అడగలేదు, ఆవిడ చెప్పలేదు. గిన్నె ఇస్తూ "మటన్, మటన్" అని రెండుసార్లు అనేది, అంతే.

ఆవిడకు ఓవెన్ లేదు. ఆ వఠారంలో ఎవరికీ లేదు. క్రిస్మస్ రోజుల్లో గిన్నె సిద్ధం చేసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద పూసి, గుడ్డలో మూటగట్టి నా చేతికిచ్చేది. వీధి చివర బేకరీ. రొట్టెలు దించేశాక కూడా కట్టెల పొయ్యి చాలాసేపు కాగుతూనే ఉంటుంది. బేకరీ ఆయన పొడుగాటి చెక్కపారతో మా గిన్నెను లోపలికి తోసేవాడు. మధ్యాహ్నం ఇచ్చి వస్తే సాయంత్రం తెచ్చుకోవాలి. చివర్లో మూత తీసి ఇంకొంచెంసేపు ఉంచి ఇచ్చేవాడు, పైన ఎరుపెక్కాలని.

ఒకసారి తెస్తూ తెస్తూ ఆ వాసనకు నా వల్ల కాలేదు. మలుపులో ఒక అరుగు మీద కూర్చుని గుడ్డ పక్కకు జరిపి చూశాను. గుండ్రటి ఉర్లగడ్డ ముక్కలు, ఒకదాని మీద ఒకటి సగం సగం ఎక్కి, అంచులు కరకరలాడుతూ. మీరు బంగాళాదుంప అంటారు, మా ఊళ్ళో ఉర్లగడ్డే. చివరి వరసలో ఒకటి పీకి నోట్లో వేసుకున్నాను. నాలుక కాలింది. పీకినచోట చిల్లు పడి, అందులోంచి ఆవిరి సన్నగా లేచింది, దొంగను పట్టిచ్చే కుక్కలాగా. ఆంటీ గిన్నె చూసింది, నన్ను చూసింది. "వాట్ మ్యాన్, మా ఇంటి పెంకు ఎవరు పీకారు?" అంది.

ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళుగా వేలాడుతున్నాను. మీకు కూడా ఆ పెంకుటింట్లోంచే చెప్తాను, నాకు ఇంకో దారి రాదు.

గిన్నె గోడలు ఇంటి గోడలు. పైన ఉర్లగడ్డ ముక్కలు పెంకులు. లోపల కాపురం ఉండేది ఉల్లిగడ్డలు, క్యారెట్లు, నేను చేర్చిన పితికిపప్పు (నానబెట్టి తొక్క పితికిన అనప గింజలు), కిలో మాంసం. బయట ఎండ, అంటే ఓవెన్ సెగ. నిన్న మన ఓటీజీని 160 డిగ్రీల మీద పెట్టాను. అయితే ఇంటి లోపలివాళ్ళకు ఆ 160 తెలీదు. లోపల నీళ్ళున్నంతసేపూ వేడి ఆ నీళ్ళు మరిగే చోటు దాటదు. బెంగళూరు సముద్రం కంటే సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అదే నెల్లూరులో అయితే 100. ఎండాకాలం మధ్యాహ్నం పెంకుల మీద కాలు పెట్టలేం, కింద మా అవ్వ హాయిగా చాప మీద పడుకునేది, అట్లా అన్నమాట.

ఉల్లిగడ్డ ఆ ఇంట్లో అమ్మ. నాలుగు లోపలికి పోతాయి, తినేటప్పుడు ఒక్కటీ కనబడదు. పులుసు చిక్కగా, తియ్యగా ఎందుకుందని అడిగితే మాత్రం అదే.

ఇక మాంసం. అది మా పెదనాయన. మీరు చూడలేదు. పలమనేరు దగ్గర మా ఊళ్ళో ఆయన మాట అంటే మాటే. ఎవరైనా ఎదురు చెప్తే ముందు బిగుసుకుపోయేవాడు. దవడలు కూడా కదిలేవి కావు. అప్పుడు మళ్ళీ ఏదైనా అంటే ఇంకా బిగుస్తాడు. మా అవ్వ మాత్రం "ఊరికే ఉండండి, మాపటికి ఆయనే దిగొస్తాడు" అనేది. దీపాలు పెట్టేవేళకు నిజంగానే వచ్చి, మమ్మల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బెల్లం ముక్కలు పెట్టేవాడు.

పెద్దోడా, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నువ్వనుకున్నది సగం నిజం. మాంసం కూడా ముందు గుడ్డులాగే గట్టిపడుతుంది. 60, 70 డిగ్రీలకు వచ్చేసరికి అందులోని సన్నటి పోగులు ముడుచుకుని, తమలోని నీళ్ళు బయటికి పిండేస్తాయి. అరగంటలో తీసి కొరికి చూడు, రబ్బరు. చాలామంది అక్కడే "ముదురు మాంసం అంటగట్టాడు" అని కొట్టువాణ్ణి తిడతారు. కానీ గుడ్డులో లేనిది మాంసంలో ఒకటుంది. ఆ పోగుల్ని కట్టలు కట్టలుగా బిగించి పట్టుకున్న తెల్లటి పొర. దాని పేరు కొలాజెన్. తడి వేడి తగులుతూ ఉంటే, గంట తర్వాత గంటగా, అది జెలటిన్‌గా కరిగిపోతుంది. కట్టు వదిలేసరికి పోగులు దేనికది విడిపోతాయి, ముక్క చెంచాతో తుంచితే తెగుతుంది. పెదనాయనలో ఆ కట్టు ఎక్కడుండేదో నన్ను అడక్కండి. పోలికను ఇంతకంటే లాగితే పెంకులు జారతాయి.

ఒక్క మాట. ఏ కండ ఎక్కువ పనిచేసిందో దాంట్లో ఈ కట్టు ఎక్కువ. అందుకే మటన్ కొట్టులో నేను "మెడ, ముందుకాలు ఇవ్వబ్బా" అంటాను. లేతది ఇస్తానంటాడు, వద్దంటాను. ఎప్పుడూ నడవని కండకు దాచుకున్న రుచి ఏముంటుంది? ఇది మీకు కూడా వర్తిస్తుంది, సాయంత్రం ఫోన్ పక్కనపెట్టి కాసేపు పరుగెత్తండి.

ఆంటీ దీన్ని హాట్‌పాట్ అనేది. (చిన్నదానా, మళ్ళీ అదే డబ్బా!) ఇంగ్లండు ఉత్తరాన లాంకషైర్ అనే చోట పుట్టిన వంట ఇది. అక్కడ పత్తి మిల్లులు ఉండేవి. పనికి పోయేముందు గిన్నెను సన్నటి సెగ మీద పెట్టి పోతే, తిరిగి వచ్చేసరికి అదే ఉడికి ఉండేదని చెబుతారు. ఉర్లగడ్డ వాళ్ళది కాదు, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది. 16వ శతాబ్దంలో ఐరోపా చేరింది. మన మిరపకాయ కూడా ఆ ఖండాల నుంచి వచ్చిందే. నేను వాడిన గడ్డలు హాసన్‌వని కూరగాయలమ్మాయి చెప్పింది. పితికిపప్పు మాత్రం మన ఇళ్ళలో చేసుకునేది. అనప గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున మీ అవ్వా నేనూ ఎదురెదురుగా కూర్చుని పితికాం. ఒక గింజ ఎగిరి నా కళ్ళద్దాలకు తగిలింది.

చేసే పద్ధతి చెప్పేస్తాను, మీ అమ్మకు చదివి వినిపించండి. ముక్కల్ని నెయ్యిలో ఎర్రగా వేయించాలి, కొన్ని కొన్నిగా. అన్నీ ఒకేసారి వేస్తే నీరూరి ఉడుకుతాయే గానీ వేగవు. అదే గిన్నెలో ఉల్లిగడ్డలు మగ్గబెట్టి, చెంచా మైదా చల్లి, ఎముకలు ఉడికించిన నీళ్ళు పోసి, ఉప్పు, మిరియాలు, బిరియానీ ఆకు. క్యారెట్టు, పప్పు. ఉర్లగడ్డలు అన్నిటికంటే చివర కోయాలి, రెండు రూపాయి బిళ్ళలు కలిపినంత మందం. కోసిన ముక్కల్ని నీళ్ళలో వేయకండి, పైనుండే పిండి కడుక్కుపోతే పెంకులు ఒకదానికొకటి అతుక్కోవు. పెంకుల అడుగు తడవాలి, పైభాగం పులుసులో మునగకూడదు. నెయ్యి రాసి, మూత పెట్టి రెండు, రెండున్నర గంటలు. తర్వాత మూత తీసి 200 మీద అరగంట. పైన తడి ఆరితేనే వేడి 97 దాటి పైకి పోతుంది, అప్పుడే ఎరుపు. ఓవెన్‌ను ముట్టుకోవడం పెద్దవాళ్ళ పని, మీరు అద్దంలోంచి చూడండి చాలు.

కుక్కర్లో పెడితే అరగంటలో అయిపోదా అంటారేమో. అవుతుంది. లోపల ఆవిరి బిగించి నీళ్ళను 120 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది, కట్టు త్వరగా కరుగుతుంది. రోజూ మన ఇంట్లో అంతే కదా. కానీ కుక్కర్లో ఇంటికి కప్పు ఉండదు, పెంకులన్నీ పులుసులో కలిసిపోతాయి.

పోయినేడు నేనొక తెలివితక్కువ పని చేశాను. రుచి కోసం నాలుగు టమాటాలు, పైన ఒక నిమ్మకాయ పిండాను. మాంసం వెన్నలా అయింది, పెంకులు మాత్రం రెండున్నర గంటల తర్వాత కూడా ఉడక్కుండా పచ్చిగానే కరకరమన్నాయి. మీ అవ్వ ఏమీ అనలేదు. ఒక్కొక్క ముక్కనూ వేలితో జరిపి పళ్ళెం అంచున వరసగా పేర్చింది. మళ్ళీ ఇల్లు కప్పుతున్నట్టుగా. చివర్లో మాత్రం "పులుపు తగిలితే గడ్డ ఉడకదని మీ అమ్మ చెప్పలేదా?" అంది. చెప్పింది. దుంపలో కణాన్నీ కణాన్నీ పట్టుకుని ఉండే బంక పెక్టిన్, పులుపు దాన్ని త్వరగా కరగనివ్వదు. పులుసులో ముక్కలు ఉడికాకే చింతపండు పిండేది అందుకే. నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది మా అమ్మకు చేతిలో ఉంది.

నిన్నటిది బాగా వచ్చింది. రెండుసార్లు తలుపు తీసి చూశాను, అందుకే ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. అంచుల దగ్గర పులుసు బుడగలు తీస్తూ పెంకుల సందుల్లోంచి పైకి ఉబికి, అక్కడే ఎండి నల్లటి గీతలా అంటుకుంది. గోకి తింటే అదే అన్నిటికంటే రుచి. నాలుగు ఇళ్ళ అవతలివాళ్ళు కూడా ఏం వండారని అడిగారు.

కొలాజెన్, జెలటిన్ అని నేనేదో రాశాను గానీ అవి కళ్ళతో చూడకపోతే ఒట్టి పేర్లు. ఈసారి మీ అమ్మ కాళ్ళ పులుసు చేసినప్పుడు చిన్న గిన్నెడు తీసి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి పడుకోండి. పొద్దున లేచి గిన్నెను అటూ ఇటూ ఊపండి. రాత్రి నీళ్ళలా పారిన పులుసు ఎట్లా ఉందో చూడండి. చెంచాతో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుని, నమలకుండా, కదలకుండా ఉండండి. పొయ్యి లేదు, ఓవెన్ లేదు. ఏం జరిగిందో నాకు రాయండి. ఫోన్ చేయొద్దు, రాయండి.

మీ తాత,
బెంగళూరు