గుండె కండరపు జబ్బు: ‘బ్లాకులు లేవు గదా సార్’ అన్న మాట వెనుక ఉన్న అపోహలు

తిరుపతిలో గుండె జబ్బుల ఓపీ చూసే నాకు దాదాపు ప్రతి వారం ఎదురయ్యే సన్నివేశం ఒకటుంది. పీలేరు వైపు నుంచో పుంగనూరు వైపు నుంచో వచ్చిన మనిషి గడప దాటి కుర్చీ దాకా రావడానికే ఆయాసపడుతుంటాడు. కాళ్ల వాపు వల్ల చెప్పు పట్టీల అచ్చులు పాదాల మీద లోతుగా దిగి ఉంటాయి, రెండు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే తప్ప రాత్రి నిద్ర పట్టడం లేదని భార్య చెబుతుంది. అయినా వెంట వచ్చిన కొడుకు ప్లాస్టిక్ కవరులోంచి యాంజియోగ్రామ్ రిపోర్టు తీసి, "బ్లాకులేమీ లేవన్నారు సార్, గుండె బాగుండాదనే గదా" అంటాడు.

అపోహ: రక్తనాళాల్లో బ్లాకులు లేకపోతే గుండె జబ్బు లేనట్లే.

యాంజియోగ్రామ్ ప్రధానంగా చూపేది గుండె కండరానికి రక్తం చేరవేసే నాళాలను. ఆ కండరం ఎంత బలంగా ముడుచుకుంటోంది, ఎంత సులువుగా వదులవుతోంది అన్నది వేరే సంగతి. బోర్ల మీద బతికే మన వైపు రైతుకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది: పైపులైను ఎక్కడా పూడుకుపోకపోయినా, మోటారు వైండింగు దెబ్బతింటే మడికి నీళ్లు పారవు. నాళాల జబ్బు, అధిక రక్తపోటు, కవాటాల లోపం వంటివాటితో చెప్పలేని విధంగా కండరమే జబ్బు పడితే దాన్ని కార్డియోమయోపతి అంటాం. దీన్ని పట్టిచ్చేది ఎకో పరీక్ష, కొందరిలో దానికి తోడు ఎంఆర్ఐ. బ్లాకులు లేవన్న రిపోర్టు చేతికొచ్చాక కూడా ఆయాసం అలాగే ఉంటే, వెతుకులాట అక్కడితో ఆగకూడదు.

అపోహ: ఈ జబ్బంటే గుండె పెద్దదైపోవడమే, అందరికీ ఒకటే వైద్యం.

గుండె గది సాగి, గోడ బలహీనపడే డైలేటెడ్ రకమే మా దగ్గరకు ఎక్కువగా వస్తుంది. దీని వెనుక జన్యులోపం ఉండవచ్చు, వైరస్ వల్ల వచ్చిన కండరపు వాపు ఉండవచ్చు, ఏళ్ల తరబడి తాగిన మద్యం ఉండవచ్చు, డాక్సోరుబిసిన్ వంటి క్యాన్సర్ మందు ఉండవచ్చు, చాలా కాలం అదుపు లేకుండా సాగిన గుండెదడ కూడా ఉండవచ్చు. కారణం దొరికి దాన్ని సరిచేయగలిగితే, ముఖ్యంగా మద్యం పూర్తిగా మానేసినవారిలోనూ దడను అదుపు చేసినవారిలోనూ, గుండె చెప్పుకోదగ్గంత కోలుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. రెండోది గోడ అసాధారణంగా మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ రకం, దీని గురించి కింద వివరంగా రాస్తాను. మూడోది గుండె బిగుసుకుపోయే రిస్ట్రిక్టివ్ రకం. అమిలాయిడ్ అనే ప్రోటీను కండరంలో పేరుకుపోవడం దీనికి ఒక కారణం, అటువంటి కొందరిలో గుండె లక్షణాల కంటే ఏళ్ల ముందే రెండు చేతుల మణికట్టు నరాలు నొక్కుకుపోయి తిమ్మిర్లు వస్తాయి. వీటికి తోడు, కండరం స్థానంలో కొవ్వు, మచ్చ కణజాలం చేరి గుండె లయ ప్రమాదకరంగా తప్పేలా చేసే అరిత్మోజెనిక్ రకం కూడా ఉంది.

అపోహ: పంపింగ్ 30 శాతమంటే గుండెలో 70 శాతం చచ్చిపోయినట్లు.

ఈ అంకె చూసి భయపడి వ్యవసాయం మానేసి, పొలం కౌలుకిచ్చేసిన వారున్నారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. ఆరోగ్యవంతుడి ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే కింది గది) నిండినప్పుడు 120 మిల్లీలీటర్ల రక్తం ఉండి, ఒక్క స్పందనకు 70 బయటికి వెళ్తే పంపింగ్ 58 శాతం అవుతుంది. నూటికి నూరు ఎవరికీ ఉండదు, సాధారణంగా 55 నుంచి 70 మధ్య ఉంటుంది. ఇప్పుడు సాగిన గుండెను తీసుకుందాం: నిండినప్పుడు 220, పంపేది 66 అనుకుంటే పంపింగ్ సరిగ్గా 30 శాతం, కానీ బయటికి వెళ్లే రక్తంలో తేడా నాలుగు మిల్లీలీటర్లే. అరుగు మీద కూర్చున్నంత సేపూ హాయిగా ఉన్న మనిషి మేడ మెట్లెక్కేసరికి ఆగిపోవడానికి కారణం ఇదే, ఆ గుండె విశ్రాంతికి సరిపడా పంపగలదు గానీ శ్రమకు తగ్గట్టు పెంచలేదు. దీనికి విరుద్ధంగా, మందమైన గోడల గుండెలో గది చిన్నది కావడంతో 80లో 58 పంపినా పంపింగ్ 72 శాతం అని వస్తుంది. ఆ రిపోర్టు చూసి సంతోషించిన రోగికి జబ్బు లేదని కాదు.

అపోహ: ఛాతీలో నొప్పి వస్తే నాలుక కింద మాత్ర ఎవరికైనా మంచిదే.

ఎండాకాలంలో ఒక యువకుడు ఉపవాసంతో అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం దగ్గర ఛాతీ బరువెక్కి కూర్చుండిపోయాడు. పక్కనున్న పెద్దాయన దయతోనే తన సంచిలోంచి సార్బిట్రేట్ మాత్ర తీసి నాలుక కింద పెట్టించాడు. రెండు నిమిషాల్లో కుర్రవాడు స్పృహ తప్పాడు. తరువాత ఎకో చేస్తే, రెండు జఠరికల మధ్య గోడ 22 మిల్లీమీటర్లు తేలింది. మామూలుగా అది 11 దాటదు, పెద్దల్లో వేరే కారణం లేకుండా 15 అంతకు మించి ఉంటే హైపర్‌ట్రోఫిక్ రకాన్ని అనుమానిస్తాం. ఈ గుండెల్లో కొన్నిటికి రక్తం బయటికి వెళ్లే దారిలోనే ఆ గోడ అడ్డుపడుతుంది. ఒంట్లో నీరు తగ్గినా, నాళాలను వెడల్పు చేసే మాత్ర పడినా గది మరింత కుంచించుకుపోయి అడ్డు పెరుగుతుంది. సాగిన గుండెకు ప్రాణం పోసే నీళ్ల మాత్ర కూడా ఇక్కడ మోతాదు మించితే హాని చేస్తుంది. వీరికి గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు లేదా వెరాపమిల్, అవి చాలకపోతే గోడను కొంత కోసి తీసే శస్త్రచికిత్స లేదా ఆ భాగానికి వెళ్లే రక్తనాళంలోకి ఆల్కహాల్ ఎక్కించే పద్ధతి, హఠాన్మరణం ముప్పు ఎక్కువగా ఉన్నవారికి లయ తప్పితే షాకుతో సరిచేసే ఐసీడీ అనే పరికరం అమర్చడం ఉన్నాయి.

అపోహ: మా ఇంట్లో ఎవరికీ లేదు, మాకెందుకు పరీక్ష?

హైపర్‌ట్రోఫిక్ రకం సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ జన్యులోపం ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల బృందం 2009లో వెల్లడించిన పరిశోధనలో, ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు లోపించిన మార్పు దక్షిణాసియా జనాభాలో దాదాపు 4 శాతం మందిలో ఉన్నట్లు తేలింది. అది ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. అయితే అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వస్తే తీవ్రత పెరుగుతుంది కాబట్టి, మేనరికాలు ఇంకా కనిపించే మన సీమలో ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. "ఎవరికీ లేదు" అన్న కుటుంబంలోనే, కాసేపు కూర్చోబెట్టి అడిగితే, ముప్పై ఏళ్లకే కళ్లంలో కుప్పకూలిన చిన్నాన్న ఒకరు బయటికి వస్తాడు. పిల్లల పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో దాచేవారి మీద నాకు కోపం రాదు, కానీ రోగి తోబుట్టువులకూ పిల్లలకూ ఈసీజీ, ఎకో తీయించమని మాత్రం పట్టుబడతాను.

అపోహ: బాలింతకు ఆయాసం మామూలే.

నెలలు నిండిన గర్భిణికి కాస్త ఆయాసం సహజమే. కానీ ప్రసవమయ్యాక అది తగ్గాలి. తగ్గకపోగా పడుకుంటే దగ్గు, ఊపిరాడకపోవడం, కాళ్ల వాపు పెరుగుతుంటే బాలింత పథ్యాలతో రోజులు గడపకుండా ఎకో చేయించాలి. చివరి నెల నుంచి ప్రసవానంతరం అయిదు నెలల వరకు కనిపించే పెరిపార్టమ్ రకం ఇది కావచ్చు. సకాలంలో వైద్యం అందితే చాలామంది గుండె కొన్ని నెలల్లోనే కోలుకుంటుంది. మళ్లీ గర్భం దాల్చే ముందు మాత్రం గుండె వైద్యుణ్ణి తప్పనిసరిగా సంప్రదించాలి, ఎందుకంటే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

అపోహ: పంపింగ్ మెరుగైంది, మందులు ఆపేయవచ్చు.

డైలేటెడ్ రకానికి ఇప్పుడు నాలుగు తరగతుల మందులు ఆధారం: బీటా బ్లాకర్లు, రామిప్రిల్ లేదా సాకుబిట్రిల్-వల్సార్టాన్ వంటివి, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి. చిక్కు ఎక్కడొస్తుందంటే, మందుల షాపులో ఎవరో "ఇది షుగరు మాత్ర, ఇది బీపీ మాత్ర" అనగానే, ఆ రెండూ లేని రోగి వాటిని పక్కన పెట్టేస్తాడు. ఇక్కడ అవి గుండె కోసమే ఇచ్చినవి. కోలుకున్నవారిలో మందులు తగ్గిస్తూ ఆపి చూసిన టిరెడ్-హెచ్ఎఫ్ అధ్యయనం 2018లో వెలువడింది. చిన్న అధ్యయనమే అయినా, మందులు ఆపినవారిలో 44 శాతం మందికి ఆరు నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది.

ఉప్పు విషయంలో ఒక్క మాట: సైంధవ లవణం కూడా సోడియమే. పొటాషియంతో చేసిన ‘తక్కువ సోడియం ఉప్పు’, ఒంట్లో పొటాషియం పెంచే స్పైరనోలాక్టోన్ వాడేవారికి ఇంకా ప్రమాదం. రాగి సంకటిని నేనెప్పుడూ వద్దనలేదు, పక్కనున్న ఊరగాయ గురించే నా గొడవ. రోజూ ఉదయం బరువు చూసుకుని, మూడు రోజుల్లో రెండు కిలోలు మించి పెరిగితే ఫోను చేయమంటాను. మోకాళ్ల నొప్పులకు సొంతంగా కొనుక్కునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు ఒంట్లో నీరు చేర్చేవాటిలో ముందుంటాయి.

అపోహ: చివరికి గుండె మార్పిడే గతి.

మన దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసింది రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి.వేణుగోపాల్. ఇప్పుడు తిరుపతిలోనే టీటీడీ వారి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో ఆ శస్త్రచికిత్సలు జరిగాయి. అయినా నా రోగుల్లో అత్యధికులకు అంత దూరం వెళ్లే అవసరం రాలేదు.

ఇక అందరూ గది బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అడిగే ప్రశ్న, మొక్కు ఉంది, కొండ నడిచి ఎక్కవచ్చా అని. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి దూరం తక్కువే గానీ 2,388 మెట్లు నిటారుగా ఉంటాయి. గోడ మందమై రక్తం దారికి అడ్డున్న వారికీ, నడిస్తే స్పృహ తప్పిన వారికీ, పంపింగ్ బాగా తగ్గిన వారికీ వద్దనే చెబుతాను. మందులతో కుదుటపడిన వారికి ముందు ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసి, ఆ తరువాతే ఏదైనా అంటాను. పోయినేడు వద్దన్న ఒకాయన బస్సులో వెళ్లి దర్శనం చేసుకుని, తిరుగు దారిలో లడ్డూతో పాటు ఎకో రిపోర్టు కూడా నా బల్ల మీద పెట్టాడు. పంపింగ్ 28 నుంచి 41కి వచ్చింది. "ఈ ఏడన్నా నడవొచ్చునా సార్?" అన్నాడు. ఆర్నెల్ల తరువాత మళ్లీ ఎకో రాసి పంపాను.