కడిగిన మరక మర్నాడు మళ్లీ ఎందుకు తేలుతుంది?

ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. లేత రంగు కార్పెట్ మీద కప్పు కాఫీ ఒలికిందట. వంటసోడా చల్లి, దానిమీద వెనిగర్ పోశారు. బుసబుసమని నురగ పొంగింది. గుడ్డతో గట్టిగా రుద్ది తుడిచేసరికి మరక మాయమైంది. పడుకునే ముందు ఇంకోసారి చూసుకున్నారు, శుభ్రంగానే ఉంది. తెల్లారి లేచి చూస్తే అదే చోట, అదే ఆకారంలో, అంచు ఇంకాస్త ముదిరి, మరక మళ్లీ ప్రత్యక్షం. మళ్లీ కడిగారు. మళ్లీ వచ్చింది. "పోయిన మరక ఎక్కణ్ణుంచి వస్తోందండీ? నేను కడిగానన్నది నా భ్రమ కాదు కదా?" అని అడిగారు.

భ్రమ కాదండీ. మీరు కడిగిన మాట నిజం, అది తిరిగొచ్చిన మాటా నిజం. మరకల గురించి రాయమన్నప్పుడల్లా అందరూ ఏ మరకకి ఏ మందో పట్టిక ఇమ్మంటారు. అలాంటి పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ ప్రశ్న మాత్రం అసలు విషయాన్ని పట్టుకుంది. మరక కదులుతుంది. ఎటు కదులుతుందో తెలిస్తే, కదలాల్సిన వైపుకి దాన్ని మనమే నడిపించవచ్చు.

ఎన్నిసార్లు కడిగినా తిరిగొచ్చే నెత్తుటి మరక కథలు చాలా దేశాల్లో ఉన్నాయి. స్కాట్లండులోని ఎడింబరోలో, హోలీరుడ్ రాజభవనంలో 1566లో మేరీ రాణి కార్యదర్శి డేవిడ్ రిజ్జియో హత్య జరిగిన చోటు ఇదేనంటూ సందర్శకులకి ఇప్పటికీ ఒక మరకని చూపిస్తారు. చచ్చినవాడి ఆత్మ శాంతించక మరక మాసిపోదని అలాంటి చోట్ల జనం చెప్పుకుంటారు. కడిగింది మళ్లీ రావడం మాత్రం ఏ ఆత్మా అక్కర్లేకుండా ఏ కార్పెట్‌లోనైనా జరుగుతుంది.

కార్పెట్‌ని రెండు బొటనవేళ్లతో విడదీసి లోపలికి చూడండి. పైన శుభ్రంగా ఉన్న పోగులు కిందికి పోయేకొద్దీ గోధుమరంగు తిరుగుతుంటాయి. పోగు మొదట్లో, అడుగున పోగుల్ని పట్టి ఉంచే అడ్డగుడ్డ దగ్గర, చిక్కటి కాఫీ తడి ఇంకా ఉంటుంది. ఒలికిన ద్రవం ముందు అక్కడికే చేరుతుంది. పైన పోసిన వెనిగరూ, దానివెనకే పోసిన నీళ్లూ, గట్టిగా రుద్దిన గుడ్డా దాన్ని ఇంకా కిందికి తోశాయి. రాత్రి మీరు చూసింది పోగుల చివళ్లని మాత్రమే.

ఒక్కో పోగులో పదులకొద్దీ, ఒక్కోసారి వందకి పైగా, సన్నటి పీచులు మెలిపడి ఉంటాయి. వాటి మధ్య సందులు మన వెంట్రుక మందం కన్నా తక్కువ. అలాంటి సందులో నీరు దానంతటదే పైకి పాకుతుంది. దీన్ని కేశనాళికీయత అంటారు. బళ్లో ఈ పాఠం చెప్పేటప్పుడు సన్నటి గాజుగొట్టం బొమ్మ గీసి, సూత్రం రాయించి, లెక్క చేయించి వదిలేస్తారు. అదే పిల్లవాడి కాళ్ల కింద కార్పెట్‌లో అలాంటి గొట్టాలు లక్షల్లో ఉన్నాయని చెబితే ఆ పాఠం జన్మలో మరిచిపోడు. సరే, లెక్క మనమే చేద్దాం. నీటి తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, మీటరుకి 0.072 న్యూటన్లు. సందు వ్యాసార్థం మిల్లీమీటరులో వందోవంతు, అంటే 10 మైక్రాన్లు అనుకుందాం. పీచు పూర్తిగా తడిసే రకమైతే నీరు ఎక్కగల ఎత్తు దాదాపు 1.5 మీటర్లు! పీచు సగం సగమే తడిసినా, సందులు ఇంతకి పదింతలు వెడల్పున్నా, పోగు ఎత్తు ఒక సెంటీమీటరుకి అటూ ఇటూ కాబట్టి నీటికి అది ఒక అడ్డే కాదు.

ఎక్కగలగడం ఒకటి, ఎక్కుతూనే ఉండటం ఇంకొకటి. దీపం వత్తిని తలుచుకోండి. నూనె వత్తి చివరిదాకా ఎక్కి ఆగిపోవాలి, ఎందుకంటే పైన ఇంక చోటు లేదు. వెలిగించగానే చివర నూనె ఖర్చవుతుంది, ఖాళీ అయిన చోటులోకి కింద నుంచి కొత్త నూనె వస్తుంది. మంట ఉన్నంతసేపూ ప్రవాహం ఉంటుంది. కార్పెట్ పోగు కూడా వత్తే. ఇక్కడ మంట బదులు గాలి. గాలి తగిలే చివర నీరు ఆవిరవుతుంది, దాని చోటుకి కింద తడి ఎక్కి వస్తుంది. ఆ తడి వట్టి నీరు కాదు కదా, దాంట్లో కాఫీ రంగు కరిగి ఉంది. నీరు గాల్లోకి పోతుంది, రంగు పోలేదు. ఎక్కిన ప్రతి చుక్కా తన రంగుని చివర దించి వెళ్లిపోతుంది. అడుగు పూర్తిగా ఆరడానికి ఒక రాత్రీ ఒక పగలూ పట్టిందనుకోండి, అంతసేపూ ఈ మోత సాగుతూనే ఉంటుంది. అడుగున సెంటీమీటరు మేర పరుచుకుని కంటికి ఆనకుండా ఉన్న రంగంతా చివరి మిల్లీమీటరులోకి చేరుకుంటుంది. తెల్లారేసరికి కనబడేది అదే.

మరి అంచు ఎందుకు ముదిరింది? బల్లమీద ఎండిన కాఫీ చుక్క చుట్టూ ఉంగరంలాంటి గీత చూసే ఉంటారు. 1997లో షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, సిడ్నీ నేగెల్, వారి సహచరులు ఆ గీత రహస్యాన్ని 'నేచర్' పత్రికలో వివరించారు. చుక్క అంచు బల్లకి అతుక్కుని కదలదు, అక్కడ పొర పలచన కాబట్టి త్వరగా ఆరుతుంది, ఆ లోటు పూడ్చడానికి మధ్య నుంచి ద్రవం అంచుకి ప్రవహిస్తూ కాఫీ రేణువుల్ని మోసుకుపోతుంది. కార్పెట్ మీదా తడి ఎక్కడ ముందు ఆరితే రంగు అటు నడుస్తుంది. పక్కకి నడిస్తే ఉంగరం, పైకి నడిస్తే తిరిగొచ్చిన మరక.

ఈ నడకతో ఒకసారి నోబెల్ బహుమతే వచ్చింది. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్ని పరిశ్రమ పరిశోధన సంస్థలో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ అనే ఇద్దరు ఉన్నిలోని అమైనో ఆమ్లాల్ని వేరుచేసే దారి వెతుకుతూ ఒక కొత్త పద్ధతి కనిపెట్టారు. 1944 నాటికి అది వడపోత కాగితం మీదికి చేరింది. కాగితం చివర ఒక చుక్క మిశ్రమం పెట్టి, ఆ చివరని ద్రవంలో తగిలిస్తే, ద్రవం పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో దూరం లాక్కుపోతుంది. కాగితపు క్రొమటోగ్రఫీ అన్నది అదే. 1952లో ఇద్దరికీ రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. టిష్యూ కాగితం సన్నగా చింపి, అడుగున నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, అంచు నీళ్లలో తగిలించండి. నలుపు కాస్తా నీలంగా, ఎరుపుగా, పసుపుగా విడిపోతూ ఎక్కుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పకుండా చేసి చూపించాలి.

ఇప్పుడు మన పాఠకురాలి కార్పెట్‌కి వద్దాం. వత్తి పనిని ఆపలేం, కానీ వత్తి కొసని మార్చవచ్చు. పోగుల మీద తెల్లటి టిష్యూ కాగితాల్ని అంగుళం మందాన పేర్చి బరువు పెడితే, ఇక చివర అన్నది పోగుది కాదు, కాగితానిది. కాగితం నారల మధ్య సందులు పోగుల సందుల కన్నా సన్నవి, పైగా ఆ నారకి నీరంటే ప్రీతి. సన్న సందు లావు సందు నుంచి తడిని గుంజుకుంటుంది. బరువు దేనికంటే, పోగు కాగితాన్ని తాకకపోతే దారి తెగిపోతుంది. ఆ బరువు కాగితాన్ని పూర్తిగా కప్పెయ్యకూడదు. అంచులు గాలికి తెరుచుకుని ఉంటేనే అక్కడ ఆవిరి సాగి ప్రవాహం నడుస్తుంది. రంగు కాగితం, అచ్చు కాగితం వద్దు, వాటి రంగు కిందికి దిగుతుంది.

అందుకే ద్రవం ఒలకగానే చేయాల్సిన పని అద్దడం. రుద్దితే పీచులు చిట్లుతాయి, మరక వెడల్పవుతుంది. తెల్లగుడ్డని అంచు నుంచి మధ్యకి జరుపుకుంటూ ఒత్తండి, గుడ్డ తడవడం మానేదాకా. తరవాత కొద్దిగా నీళ్లు, మళ్లీ అద్దడం. కొద్దిగా అన్న మాట గుర్తుంచుకోండి. ఎక్కువ నీళ్లు పోస్తే మరక పలచబడుతుంది నిజమే, కానీ అడుగుకి దిగి పక్కకి పాకి రేపటికి ఇంకా పెద్దదై వస్తుంది. ఉప్పు చల్లడం, మొక్కజొన్న పిండి చల్లడం కూడా ఈ కోవలోవే. రేణువుల మధ్య సందుల్లోకి ద్రవమో నూనో ఎక్కుతుంది, తరవాత ఊడ్చేస్తాం. మైనం పడి గట్టిపడితే కాగితం వేసి గోరువెచ్చటి ఇస్త్రీపెట్టె ఆనించడం కూడా ఇదే. కరిగిన మైనాన్ని కాగితం తాగుతుంది. పాలీప్రొపిలీన్ కార్పెట్ దాదాపు 160 డిగ్రీల దగ్గర తానే కరిగిపోతుంది కాబట్టి ఇస్త్రీపెట్టె వేడి బాగా తక్కువలో పెట్టాలి.

ఇక ఆ నురగ సంగతి. నురగొస్తే శుభ్రమవుతోందని దాదాపు అందరి నమ్మకం. వంటసోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. ఒక చెంచా సోడా, అంటే సుమారు 5 గ్రాములు, 5 శాతం వెనిగర్‌ని 70 మిల్లీలీటర్ల దాకా చంపేస్తుంది. అదే వెనిగర్ ఆ సోడానీ చంపేస్తుంది. ఆ కలయికలో 1.4 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ బుసబుసా పోతుంది. కార్పెట్‌లో మిగిలేవి నీళ్లూ, సోడియం అసిటేట్ అనే ఉప్పూ. ఆ ఉప్పు ఎంతనుకున్నారు? సుమారు 5 గ్రాములు! చెంచా సోడా పోసి, చెంచాడు ఉప్పు కార్పెట్‌లో దాచుకున్నామన్నమాట. ఆ ఉప్పు కూడా వత్తి వెంట పైకి ఎక్కుతుంది. బుడగలు పైపైన మట్టిని కాస్త కదిలిస్తాయేమో గానీ, కరిగిన కాఫీ రంగుతో వాటికి పని లేదు. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి. సోడా పొడిగా చల్లితే తేమనీ కొన్ని వాసనల్నీ పడుతుంది. వెనిగర్ క్షారపు మరకల మీద పనిచేస్తుంది. పెంపుడు జంతువు తడిపిన చోట బ్యాక్టీరియా యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది. నీళ్లు కలిపిన వెనిగర్ ఆ అమ్మోనియాని ఎగరలేని ఉప్పుగా మార్చేస్తుంది, ఆ ఘాటు తగ్గుతుంది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. బ్లీచ్‌తో వెనిగర్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, అమ్మోనియా కలిపితే క్లోరమీన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తుల్ని కాల్చేస్తాయి. ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. ఉన్ని కార్పెట్‌కైతే బ్లీచ్ విడిగా కూడా వద్దు, ఉన్ని దాంట్లో కరిగిపోతుంది.

గిన్నెలు తోమే ద్రవం మాత్రం నిజమైన మందు, చిటికెడంటే చిటికెడు వాడితే. కప్పు నీళ్లకి పావు చెంచా చాలు. దాని అణువుకి ఒక కొస నీటినీ రెండో కొస నూనెనీ పట్టుకుంటుంది, నీటి తలతన్యత సగానికి పైగా పడిపోతుంది. నీటి ఉపరితలం మీది పలచటి పొరల్ని కొలిచే పద్ధతికి పునాది పడింది ఒక వంటింట్లోనే. 1862లో జర్మన్ కుటుంబంలో పుట్టిన ఆగ్నెస్ పొకెల్స్‌కి ఆనాడు ఆడవాళ్లని విశ్వవిద్యాలయంలో చేర్చుకోక పై చదువు దక్కలేదు. ఇంటి పనులు చూసుకుంటూనే నీటి ఉపరితలం మీద జిడ్డు ఎలా పరుచుకుంటుందో కొలవడానికి ఆమె ఒక తొట్టి తయారుచేసుకున్నారు. 1891లో ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి తన ఫలితాలు ఉత్తరంలో రాస్తే ఆయన దాన్ని 'నేచర్'కి పంపి అచ్చు వేయించారు. ఆమెని తలుచుకోకుండా సబ్బునీళ్ల గురించి రాయడం నాకు చేతకాదు. అయితే కడిగేయకుండా వదిలిన సబ్బు జిగటగా మిగిలి అడుగులకంటిన మట్టినంతా పట్టేస్తుంది. నెలకల్లా అదే చోట మళ్లీ నల్లటి మచ్చ తేలుతుంది, దాన్ని కూడా జనం పాత మరకే అనుకుంటారు. సబ్బు తరవాత వట్టి నీళ్లతో రెండుసార్లు అద్దాలి.

కదలని మరకలూ ఉన్నాయి. నెత్తురు మీద వేడినీళ్లు పోస్తే దాంట్లోని ప్రొటీన్లు ఉడికిన గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టి పీచుని పట్టేస్తాయి, చన్నీళ్లే వాడాలి. ఎండి పాతబడిన టీ, కాఫీ రంగుకి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంది. అది రంగుని లాగదు, రంగునిచ్చే అణువు బంధాల్నే తెంచుతుంది. కార్పెట్ రంగుని కూడా తెంచవచ్చు కాబట్టి ముందు కంటపడని మూల పరీక్షించాలి. జనపనార అడ్డగుడ్డ ఉన్న కార్పెట్ మీద వట్టి నీళ్లు ఎక్కువగా పడినా గోధుమ మరక వస్తుంది. నారలోని పదార్థాలే కరిగి వత్తుల వెంట పైకొస్తాయి. క్షారం దాన్ని ముదురుస్తుంది, నీళ్లు కలిపిన వెనిగర్ తగ్గిస్తుంది.

ఉత్తరం రాసిన పాఠకురాలికి ఇదంతా క్లుప్తంగా రాశాను. మరకని కొద్దిగా తడిపి, కాగితాలు పేర్చి, రాత్రంతా బరువు పెట్టమన్నాను. మర్నాడు కార్పెట్ ఫొటోతో పాటు, ఎత్తి తీసిన కాగితం ఫొటో కూడా పంపారు. కాగితం మధ్యలో లేత గోధుమరంగు, గాలి తగిలిన అంచు వెంట సన్నగా, ముదురుగా ఒక గీత. కార్పెట్ మీద కనబడాల్సిన గీత అది. రెండో రాత్రి కాగితం మీద గీత చాలా పలచగా పడింది. మూడో రాత్రి కాగితం తెల్లగానే ఉందట.