శవం ఇంట్లో ఉంటే ప్రమాదమా? అంత్యక్రియల పనిలో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

మొన్న రాత్రి రెండింటికి ఫోన్. ఎత్తగానే "అన్నా, బండి ఎంతసేపట్లో వస్తుంది? నాన్న పోయి అప్పుడే అరగంటైంది" అన్నాడు అబ్బాయి. వెనక నుంచి ఎవరో "అడ్వాన్స్ ఎంతైనా ఇస్తామని చెప్పు" అని అరుస్తున్నారు. డాక్టర్ చూశారా అని అడిగాను. చూశారట. "మరి అమ్మ దగ్గర ఎవరున్నారు బాబూ?" అంటే మాత్రం అవతల మాట లేదు. ఆవిడ పక్క గదిలో ఒక్కతే ఉంది.

చిన్న ఊరు, ఈ పని చేసేది నేనొక్కడినే, కాబట్టి ఇలాంటి ఫోన్లన్నీ నాకే వస్తాయి. ఆ అబ్బాయి మీద నాకేం కోపం లేదు. కోపమంతా అతని చెవిలో భయం ఊదినవాళ్ల మీదే.

అపోహ: గంటలోపు తీసేయాలి. లేకపోతే పాడైపోతుంది, ఇంట్లోవాళ్లకి జబ్బులొస్తాయి.

లేదండీ. ఒళ్లు బిగుసుకోవడం మొదలవడానికే మామూలుగా రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ముందు దవడ, మొహం, తర్వాత మిగతా ఒళ్లు, పన్నెండు గంటలకల్లా పూర్తిగా బిగుసుకుంటుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మళ్లీ సడలుతుంది. వేడిగా ఉంటే ఇదంతా త్వరగా, చల్లగా ఉంటే నిదానంగా. కాబట్టి ఎండల్లో చల్లదనం ఏర్పాటు చేయకుండా రోజంతా ఉంచమని నేను చెప్పను. కానీ ఆ మొదటి రెండు మూడు గంటలు మీవే. గది చల్లగా ఉంచండి, ఎండ పడకుండా పరదాలు వేయండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచితే మొహం నల్లబడదు. కనురెప్పలు మెల్లగా మూసి, గడ్డం కింద టవల్ చుట్టి పెడితే నోరు తెరుచుకోదు. ఇవన్నీ బిగుసుకోకముందే చేయాలి, అంతే. ఫ్రీజర్ బాక్సో మార్చురీయో దొరికితే ఇంకా రోజుల టైమ్ ఉన్నట్టే, మార్చురీల్లో మామూలుగా రెండు నుంచి నాలుగు డిగ్రీల దగ్గర ఉంచుతారు.

జబ్బుల సంగతంటారా, గుండెపోటుతోనో వయసు మీద పడో పోయిన మనిషి నుంచి మీకు అంటుకునేదేమీ లేదు. ఎబోలా, కలరా లాంటివి వేరే లెక్క, 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా అంత్యక్రియల దగ్గర కూడా పాకింది. అలాంటి కేసైతే డాక్టరే ముందు చెప్తారు. మామూలు మరణానికి ఆ భయం అంటగట్టకండి. 2004 సునామీలో కొన్నిచోట్ల ఇదే భయంతో ఎవరు ఎవరో గుర్తుపట్టకుండానే హడావుడిగా సామూహికంగా పూడ్చేశారు, తర్వాత ఆ ఇళ్లవాళ్లు తమవాళ్లని ఎక్కడని వెతుక్కోవాలి? ప్రకృతి విపత్తుల్లో పోయినవాళ్ల శవాల వల్ల అంటువ్యాధులు రావని ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్ క్రాస్ కలిసి 2006లో మార్గదర్శకాలే ఇచ్చాయి. అయినా రూమర్ మాత్రం చావట్లేదు.

ఈ కంగారు వల్ల నష్టం ఎలా జరుగుతుందో నా టేబుల్‌కి ఇవతల కూర్చుని తరచూ చూస్తుంటాను. ఏడుస్తూనే పేపర్ మీద సంతకం పెట్టేస్తారు, అందులో ఏముందో చదవరు. ఏది తప్పనిసరి, ఏది మన ఇష్టం అని ఒక్క ప్రశ్న అడిగితే చాలామందికి బిల్లు అక్కడే తగ్గుతుంది. అమెరికాలో 1984 నుంచి ఈ వ్యాపారానికి ప్రత్యేకంగా రూలే ఉంది: ప్రతి ఐటమ్ ధర విడిగా రాసివ్వాలి, ఫోన్‌లో అడిగినా చెప్పాలి, చట్టం అడగనిదాన్ని చట్టం అడుగుతోందని చెప్పి అమ్మకూడదు. రూల్ ఉన్నా లేకపోయినా విడివిడిగా రాసివ్వమని అడగండి. ఇవ్వనంటే లేచి రండి. నా దగ్గరైనా సరే.

డబ్బు కంటే పెద్ద దెబ్బ కాగితాల దగ్గర పడుతుంది. ఒకసారి ఇంట్లోవాళ్లు ఏడుపులో ఉన్నారని మరణ నమోదుకి పక్కింటాయన వివరాలు చెప్పాడు, పాపం మంచి మనసుతోనే. చెప్పింది ముద్దుపేరు. ఆ పేరుతోనే డెత్ సర్టిఫికెట్ వచ్చింది, బ్యాంకులో పేరు వేరు, ఇన్సూరెన్స్‌లో వేరు. దాన్ని సరిచేయించుకోడానికి ఆయన భార్య నెలల తరబడి తిరిగింది. ఫారం నింపించింది నేనే, గుర్తింపు కార్డు చూపించమని అడగలేదు, అది నా తప్పే. అప్పటినుంచి కార్డు చూడనిదే పెన్ను తీయను.

ఇంకోటి. మరణం అనుమానంగానో ఊహించనిదిగానో ఉంటే స్నానం చేయించకండి, బట్టలు మార్చకండి, కదపకండి. ముందు డాక్టర్, పోలీసులు. అక్కడ తొందరపడి శుభ్రం చేసేసినవాళ్లే తర్వాత లేనిపోని ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇంత చెప్పే నేను మా నాన్న పోయినప్పుడు ఏం చేశానో తెలుసా? పది నిమిషాల్లో డ్రైవర్‌కి ఫోన్ కొట్టి బండి బయటికి తీయమన్నాను. ఇరవై ఏళ్లుగా నాతో పనిచేస్తున్న మనిషి అతను. "బండికేం తొందర సార్, ముందు మీరు కూర్చోండి" అని ఫోన్ పెట్టేశాడు. తెల్లారాక వచ్చాడు. ఆలోపు నాన్న వేలి ఉంగరానికి సబ్బు రాసి, అమ్మ తనే మెల్లగా తీసింది. వేరే ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఎంబామింగ్, అంటే శవం త్వరగా పాడవకుండా ఫార్మాలిన్ లాంటి మందు ఎక్కించడం, అందరికీ తప్పనిసరి కాదు. విమానంలో దూరం పంపాలంటే చాలా ఎయిర్‌లైన్స్ అడుగుతాయి, లేదా చివరిచూపు ఆలస్యమైతే పనికొస్తుంది. ఫార్మాలిన్ ఎక్కించినంత మాత్రాన శాశ్వతంగా ఉండిపోదు, కొన్నాళ్లు ఆగుతుంది అంతే.

పోయాక జుట్టు, గోళ్లు పెరగవు. చర్మం ఎండి వెనక్కి లాగుతుంది, దాంతో పెరిగినట్టు కనిపిస్తాయి. శవం లేచి కూర్చోదు. కదిలించినప్పుడు లోపలి గాలి బయటికొచ్చి మూలిగినట్టు వినిపిస్తుంది, మొదటిసారి విన్నప్పుడు నేను కూడా గది బయటికి పరిగెత్తాను.

దహన యంత్రంలో మామూలుగా 760 నుంచి 980 డిగ్రీల వేడి ఉంటుంది, గంటన్నర నుంచి మూడు గంటలు పడుతుంది. చివరికి చేతికొచ్చేవి ఎముకలే, పెద్దవాళ్లకి సుమారు రెండు మూడు కిలోలు. పేస్‌మేకర్ ఉంటే దయచేసి ముందే చెప్పండి, ఆ వేడికి దాని బ్యాటరీ పేలుతుంది. తీయడం నిమిషాల పని.

ఇక, మేం ఎవరు పోతారా అని కాచుకుని ఉంటామంటారు. పది రోజులు ఫోన్ మోగదు, ఆ పది రోజులూ జీతాలు, బండి ఈఎంఐ, కరెంటు బిల్లు ఆగవు, తర్వాత ఒకే రాత్రి రెండు కాల్స్ వస్తాయి. ఇందులో కాచుకోడానికేముంది? అయినా ఊళ్లో నన్ను చూసే చూపు అలాగే ఉంటుంది కాబట్టి, పెళ్లిళ్లలో ఎవరినీ "ఒంట్లో ఎలా ఉంది" అని అడగను. ఒక పెద్దాయన్ని పొరపాటున అడిగితే మర్నాడు పొద్దున్నే వెళ్లి బీపీ చూపించుకున్నాడట.