సొంత అడవికి సర్కారు సొమ్ము: అమెరికాలో ఈ దారి ఎలా పడింది

టెక్సస్‌లో డాలస్, ఆస్టిన్ శివార్లలో పదో ఇరవయ్యో ఎకరాలు కొన్న మనవాళ్లు నలుగురు కలిస్తే 'ఆగ్ ఎగ్జెంప్షన్' (సాగు భూమికి ఆస్తి పన్ను తగ్గింపు) ప్రస్తావన రాకుండా ఉండదు. గడ్డి కోయించాలా, నాలుగు ఆవుల్ని మేపాలా, తేనెపెట్టెలు పెట్టాలా అన్నదే చర్చ. అడవి జంతువులకూ పక్షులకూ అనువుగా భూమిని చూసుకున్నా అదే తక్కువ పన్ను కొనసాగుతుందన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ పని ఖర్చులో కొంత ఫెడరల్ వ్యవసాయ శాఖ భరిస్తుందన్నది ఇంకా తక్కువమందికి తెలుసు.

అడవికీ పిట్టలకూ డబ్బు వ్యవసాయ శాఖ నుంచి ఎందుకు వస్తోంది? అమెరికా అడవుల్లో సగానికి పైగా ప్రైవేటు భూములే, అందులో పెద్ద వాటా కుటుంబాలది. కానీ ఈ సాయం మొదట అడవి కోసం పుట్టింది కాదు. 1924 నాటి క్లార్క్-మెక్‌నారీ చట్టం మంటలు ఆర్పే ఖర్చును రాష్ట్రాలతో పంచుకుంది, రైతులకు మొక్కలు సరఫరా చేయించింది. చెట్లు నాటినందుకు రైతు చేతికి డబ్బు రావడానికి మాత్రం ఒక కోర్టు తీర్పు కారణమైంది.

పంట ఎక్కువై ధరలు పడిపోతున్నాయని, సాగు తగ్గించిన రైతుకు డబ్బిచ్చే చట్టాన్ని 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తెచ్చింది. 1936 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే మధ్య మైదానాల్లో దుమ్ము తుఫాన్లు ఊళ్లను కమ్మేస్తున్నాయి, నేల కాపాడే పనికి 1935లోనే ఒక సంస్థ ఏర్పడి ఉంది. కాంగ్రెస్ దాన్నే ఆసరా చేసుకుంది. ఫిబ్రవరి 29కల్లా కొత్త చట్టం వచ్చింది. పంట తగ్గించినందుకు కాదు, నేలను కాపాడినందుకు డబ్బు. తెలివైన దొడ్డిదారి. నేల కాపాడే పనుల్లో చెట్లు నాటడమూ ఉంది కాబట్టి చెట్లకూ వాటా దక్కింది.

1956లో వచ్చిన సాయిల్ బ్యాంక్ అనే పథకానిదీ అదే కథ. మిగులు పంట తగ్గాలి, అందుకోసం పొలాల్లో చెట్లు పెట్టించారు. సుమారు 20 లక్షల ఎకరాల్లో, ఎక్కువగా జార్జియా లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో, పైన్ మొక్కలు లేచాయి. కలప లెక్కల్లో ఇది ఘనవిజయం. పిట్టలకు మాత్రం ఒరిగింది తక్కువే. కొమ్మలు కలిసిపోయిన ఒత్తు తోటలో నేలకు ఎండ తగలదు, గడ్డి మొలవదు. గడ్డి లేనిచోట బాబ్‌వైట్ కౌజు పిట్ట నిలవదు.

ఇక 1973. ఆ ఏడాదే వచ్చిన రెండు చట్టాలు ఒకే ఆసామిని చెరో వైపుకి లాగాయి. ఒకటి కలప పెంచే చిన్న యజమానులకు ఖర్చులో భాగమిచ్చే ఫారెస్ట్రీ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్. రెండోది అంతరించిపోతున్న జీవుల చట్టం. రెండో దాని వేడి నార్త్ కరోలినా పైన్ అడవుల్లో గట్టిగా తగిలింది. అక్కడ రెడ్-కాకేడెడ్ అనే చిన్న వడ్రంగిపిట్ట ఉంది. చచ్చిన మానును కాదు, బతికున్న ముసలి పైన్‌నే ఎంచుకుని తొర్ర తొలుస్తుంది. తొర్ర చుట్టూ చిన్న చిన్న గాట్లు పెడుతుంది. వాటి నుంచి కారిన జిగురు మాను పొడవునా తెల్లగా గడ్డకడుతుంది, దాంతో పాములు పైకి ఎక్కలేవు. ఆ తెల్లటి చారికలు కనబడితే ఆసామికి టెన్షన్. పిట్ట చేరిందంటే చుట్టుపక్కల చెట్లు నరకడానికి ఆంక్షలే. చెట్లు ముదిరి పిట్టకు పనికొచ్చే లోపే కొట్టేసి అమ్ముకోవడం మొదలైంది. పిట్టల గూళ్లకు దగ్గరగా ఉన్న భూముల్లో చెట్లను లేత వయసులోనే కొట్టేశారని తర్వాత ఆర్థికవేత్తలు లెక్కకట్టి చూపించారు కూడా. పిట్టను కాపాడాల్సిన చట్టమే దాని ఇల్లు కూల్చింది.

దీనికి మందు 1995లో ఆ రాష్ట్రంలోనే, శాండ్‌హిల్స్ ప్రాంతంలో దొరికింది. ఒప్పందం రాసుకున్న రోజున ఎన్ని పిట్టలుంటే వాటికే ఆసామి బాధ్యుడు. అడవిని బాగుచేయడం వల్ల కొత్తగా వచ్చి చేరే పిట్టల పేరిట అదనపు ఆంక్షలు ఉండవు. 'సేఫ్ హార్బర్' అన్నారు దీన్ని. నన్నడిగితే ఈ చరిత్ర మొత్తంలో డబ్బు కంటే ఎక్కువ పని చేసింది ఈ హామీయే.

అదే 1995లో టెక్సస్ ఓటర్లు రాజ్యాంగ సవరణకు సరేనన్నారు. అప్పటికే వ్యవసాయ పన్ను లెక్కలో ఉన్న భూమిని వన్యప్రాణుల నిర్వహణకు మార్చుకోవచ్చు. ఆవాసం బాగుచేయడం, నేల కోత ఆపడం, నీరు, మేత, గూళ్లు ఏర్పాటు చేయడం, వేటాడే జంతువులను అదుపు చేయడం, జంతువుల లెక్క తీయడం అనే ఏడు పనుల్లో ఏటా కనీసం మూడు చేయాలి. ఊరికే వదిలేస్తే కుదరదు.

ఫెడరల్ సొమ్ము తీరు కూడా మారుతూ వచ్చింది. 1985లో మొదలైన సీఆర్‌పీ అనే పథకం పొలాన్ని పది, పదిహేనేళ్లు సాగు నుంచి తప్పిస్తే అద్దె ఇస్తుంది. 1996లో, సాగుభూమిలో నేలనూ నీటినీ కాపాడే పనుల ఖర్చు పంచుకునే ఈక్విప్, వన్యప్రాణుల ఆవాసాలకే ప్రత్యేకంగా విప్ అనే పథకాలు వచ్చాయి. 2002లో చిన్న అడవుల యజమానుల కోసం పెట్టిన పథకం సొమ్ములో కొంత కార్చిచ్చులు ఆర్పడానికి మళ్లిపోయింది, 2008లో పథకమే ఎత్తేశారు. బదులుగా ఈక్విప్‌లో ప్రైవేటు అడవులకు చోటిచ్చారు. 2014లో విప్‌నూ అందులోనే కలిపి, కనీసం 5 శాతం నిధులు వన్యప్రాణులకని గీత గీశారు. 2018లో అది 10 శాతమైంది.

ఇవాళ అడవి ఉన్న ఆసామి వెళ్లాల్సింది 1935 నాటి ఆ నేల సంస్థ వారసురాలైన ఎన్‌ఆర్‌సీఎస్ స్థానిక ఆఫీసుకే. ముందు ప్లాను, తర్వాత దరఖాస్తు, మార్కులేసి ఎంపిక, ఒప్పందం, ఆ తర్వాతే పని. పని పూర్తయ్యాకే డబ్బు. కొత్తగా సాగులోకి వచ్చినవాళ్లు మాత్రం కొంత ముందే అడగొచ్చు. ఆత్రపడి సంతకాలు కాకుండానే పొదలు కొట్టించడం మొదలుపెడితే, ముందస్తు మినహాయింపు లేనిదే ఆ పనికి డబ్బు రాదు.