కాకతీయలో పరిశోధన ఊళ్ల చుట్టూ ఎందుకు తిరిగింది?

కాకతీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీల మాట వస్తే ఎన్ని సీట్లు, ఎవరికి వచ్చాయి అన్నదగ్గరే చర్చ ఆగిపోతుంది. ఆ సీట్లలో చేరినవాళ్లు ఇన్నేళ్లూ ఏం పట్టించుకున్నారో తెలిస్తేనే ఇప్పుడు మన చేతుల్లోంచి ఏం జారిపోతోందో అర్థమవుతుంది.

వరంగల్‌కు ఇంజినీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ 1959లోనే వచ్చాయి. సాహిత్యంలోనో చరిత్రలోనో పీజీ చేయాలంటే మాత్రం హైదరాబాద్ పోవాల్సిందే. 1960ల చివర్లో ఉస్మానియా ఇక్కడ పీజీ సెంటర్ పెట్టింది. అదే 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయమైంది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాలు దాని పరిధిలోకి వచ్చాయి. సింగరేణి గనులు, గోండు గూడేలు, కోయ పల్లెలు, కాకతీయుల చెరువులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు చాలామంది ఇక్కడికొచ్చారు. పరిశోధనకు అంశం వెతుక్కోవడానికి వాళ్లు దూరం పోనక్కర్లేదు.

ఊళ్ల మీద పరిశోధనకు అంతకుముందే దారి పడి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండుల అసంతృప్తికి కారణాలు చూడమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. వరంగల్ జిల్లా దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు 1950ల్లో ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేశారు. పల్లె పాటను విశ్వవిద్యాలయం పట్టించుకోవాల్సిన విషయంగా నిలబెట్టింది ఆయనే.

పటం కథలనే తీసుకోండి. చేర్యాల నకాషీలు గీసిన పొడవాటి పటం విప్పి కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం, గౌడులకు గౌడజెట్టీలు గౌడపురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ. ప్రతి కులానికీ తన కథ, తన కథకుడు. ఏ ఊళ్లు ఎవరివో ముందే పంచుకున్న హక్కులుంటాయి. దీన్ని బొమ్మల కళగా చూస్తే రంగులు కనిపిస్తాయి. కథగా చూస్తే సాహిత్యం. ఎవరు ఎవరికి చెబుతున్నారు, బదులుగా ఏం తీసుకుంటున్నారు అని అడిగితే అది కుల వ్యవస్థ చరిత్ర. ఒక్క తెలుగు శాఖో ఒక్క చరిత్ర శాఖో తేల్చగలిగేది కాదు. చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది, మంచిదే. కానీ పటం గోడకెక్కితే కథకుడి హక్కు ఊళ్లు ఏమయ్యాయన్నది అంతకంటే పెద్ద ప్రశ్న అని నా నమ్మకం.

చెరువూ అంతే. పైచెరువు మత్తడి దూకిన నీళ్లు కింది చెరువుకు చేరే గొలుసుకట్టును అర్థం చేసుకోవాలంటే శాసనాలు చదివేవాళ్లు, నేల రాయి తెలిసినవాళ్లు, చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరటికాళ్లతో మాట్లాడేవాళ్లు ముగ్గురూ కావాలి. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ పూడిక తీయించింది. గొలుసు తెగినచోట ఏమవుతుందో 2023 జూలై చూపించింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది.

1997-98లో పత్తి రైతుల ఆత్మహత్యలు వరంగల్‌ను దేశం ముందు నిలబెట్టాయి. పురుగు ఎందుకు చావలేదన్నది ఒక శాస్త్రం ప్రశ్న. మందు అమ్మినవాడే అప్పూ ఎందుకిచ్చాడన్నది ఇంకో శాస్త్రం ప్రశ్న. రైతుకు రెండూ ఒకే కష్టం.

ఇలాంటి ప్రశ్నలు అడిగే అలవాటు ఈ క్యాంపస్‌కు మనుషుల వల్ల వచ్చింది. 1980ల మొదట్లో పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ ఇక్కడ లెక్కలు చెబుతూనే పల్లెల గురించి రాశారు. హరగోపాల్ రాజనీతి శాస్త్రం చెప్పారు. 1991-94 మధ్య వైస్ ఛాన్సలర్‌గా ఉన్న జయశంకర్ ఆర్థికశాస్త్రం చదివినవారు, తెలంగాణ నీళ్లు, నిధుల లెక్కలు తేల్చినవారు. తెలుగు శాఖలో కాత్యాయనీ విద్మహే స్త్రీల సాహిత్యం మీద చేసిన కృషికి 2013లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

వీళ్ల తరం రిటైరైంది. ఖాళీల్లో చాలావాటిని కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నెట్టుకొస్తున్నారు. విశ్వవిద్యాలయాల అధ్యాపకుల కోసం పెట్టిన ఉమ్మడి నియామక బోర్డు బిల్లును 2022లో శాసనసభ ఆమోదించినా, గవర్నర్ దాన్ని రాష్ట్రపతి పరిశీలనకు పంపడంతో ఆగిపోయింది. పాఠం చెప్పడానికి కాంట్రాక్టు అధ్యాపకుడు సరిపోతాడు, పీహెచ్‌డీ గైడ్‌గా మాత్రం పనికిరాడు. యూజీసీ నిబంధనల ప్రకారం రెగ్యులర్ అధ్యాపకులే గైడ్‌గా ఉండాలి. ప్రొఫెసర్ ఒకేసారి 8 మందిని, అసోసియేట్ 6గురిని, అసిస్టెంట్ 4గురిని మించి తీసుకోకూడదు. అంటే ఒక ప్రొఫెసర్ రిటైరై ఆ కుర్చీ ఖాళీగా ఉంటే, ఆ శాఖలో 8 మంది పరిశోధకులకు చోటు పోయినట్టే. పటం కథ మీద పనిచేయాలని ఏటూరునాగారం నుంచి వచ్చిన విద్యార్థి ఎంట్రన్స్ పాసైనా, గైడ్ లేడన్న కారణంతో వెనక్కి పోవాల్సి వస్తుంది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో చట్టం వచ్చింది. అక్కడైనా మొదటి నుంచే పోస్టులు నింపాలి. కాకతీయలో ఖాళీ అయిన శాఖలను మాత్రం కొత్త విశ్వవిద్యాలయం పేరు చెప్పి అలాగే వదిలేయకూడదు.